స్క్రైబస్‌లో ఆకారాలు కలపడం, విడదీయడం: లేజర్ కటింగ్ పెళ్లికార్డుకు పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. బెంగళూరులో సుల్తాన్‌పేట పెళ్లికార్డుల షాపులకు తెలుగు కార్డులు డిజైన్ చేసేవాళ్లు చాలామంది అడుగుతున్నారు: పేజీలు డిజైన్ చేయడానికి ఉచితంగా దొరికే స్క్రైబస్ అనే సాఫ్ట్‌వేర్‌తో లేజర్ కటింగ్ కార్డు చేయొచ్చా అని. చేయొచ్చు. కాకపోతే అందులో ఆకారాలు కలపడానికి రెండు దారులున్నాయి. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే స్క్రీన్ మీద బాగున్న కార్డు మెషిన్ దగ్గర పాడవుతుంది. నేను చూపిస్తున్నది 1.6 వెర్షన్. పాత 1.4 వాడకండి, అందులో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా కుదరవు.

ఇదిగో, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కిన రెండు వృత్తాలు. రెండూ సెలెక్ట్ చేసి ఐటమ్ మెనూలో పాత్ టూల్స్, అందులో కంబైన్ పాలిగన్స్. ఇప్పుడు ఇది ఒకే వస్తువు. ఆకారంలో ఏ భాగానికి రంగు నింపాలో చెప్పే సెట్టింగ్ ఫిల్ రూల్. అది ఈవెన్-ఆడ్ అయితే రెండూ కలిసిన చోట గారెకు చిల్లు పడ్డట్టు ఖాళీ వస్తుంది. నాన్-జీరో పెడితే ఆ చోటు కూడా నిండొచ్చు. కానీ రెండు వృత్తాల గీతలూ లోపల అలాగే ఉన్నాయి, చూడండి. లేజర్‌కు లోపల నింపిన రంగుతో పని లేదు, గీత కనబడితే కోస్తుంది.

అందుకే రెండో దారి, పాత్ ఆపరేషన్స్. ఇందులో కలిపితే లోపలి గీతలు పోయి బయటి అంచు ఒక్కటే మిగులుతుంది. తెలుగుకు ఇది చాలా అవసరం. అక్షరాలను ఔట్‌లైన్స్‌గా, అంటే అంచు గీతలున్న ఆకారాలుగా, మార్చినప్పుడు కొన్ని ఫాంట్లలో తలకట్టు, గుడి విడి ఆకారాలుగా వచ్చి అక్షరం మీద ఎక్కుతాయి. వాటిని ఇలా కలపకపోతే అక్షరం మధ్యలో కోత పడుతుంది.

ఇప్పుడు పెళ్లికొడుకు పేరు మంజునాథ్ అనుకుందాం. ‘థ’ మీద స్ప్లిట్ పాలిగన్స్ నొక్కుతున్నాను. బయటి గీత, లోపలి గూడు (అంటే అక్షరం మధ్యలో మూసుకున్న ఖాళీ), చుక్క, మూడూ విడిపోయాయి. అన్నిటికీ ఒకే రంగు కాబట్టి గూడు, చుక్క కనబడటం లేదు. టెన్షన్ వద్దు, మూడింటినీ మళ్లీ కంబైన్ చేస్తే అక్షరం తిరిగొస్తుంది. పాత్ ఆపరేషన్స్‌తో చేసినది మాత్రం స్ప్లిట్‌తో వెనక్కి రాదు. ముందే కాపీ ఒకటి వేరే లేయర్‌లో దాచుకోండి.

అసలు చిక్కు గూడుతోనే. కార్డులో అక్షరాన్ని కోసేస్తే దాని లోపలి కాగితానికి పట్టు ఉండదు, రాలిపోతుంది. సన్నటి దీర్ఘచతురస్రం ఒకటి గీసి, గూడు నుంచి బయటి అంచు దాకా అడ్డంగా పెట్టి, పాత్ ఆపరేషన్స్‌తో ఆ మేర అక్షరంలోంచి తీసివేయండి. అంత మేర కాగితం వంతెనలా మిగిలి గూడును పట్టుకుంటుంది. దాని వెడల్పు కాగితం మందాన్ని బట్టి మారుతుంది కాబట్టి కటింగ్ చేసేవాళ్లనే అడగండి.

నాకు నచ్చనిది ఒకటే. పాత్ ఆపరేషన్స్ ఒకసారికి రెండు ఆకారాలనే తీసుకుంటుంది. అడోబ్ వాళ్ల ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇదే పని చేసే పాత్‌ఫైండర్‌లో ఎన్ని ఉన్నా ఒకే నొక్కుతో కలుస్తాయి. పేర్లు రెండే కోయాలంటే స్క్రైబస్ చాలు. అంచు చుట్టూ జాలీ, పూలు ఉంటే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో గీసి కలిపేసి, ఎస్‌వీజీ ఫైల్‌గా ఇక్కడికి తెచ్చుకోండి. అదీ ఉచితమే.