హాలోజన్ ఉన్న అమైడ్‌ల ఐఆర్ వర్ణపటం: ముందు తేమ సంగతి తేల్చండి

అందరికీ నమస్కారం.

గుంటూరులో వానాకాలం ఐఆర్ (పరారుణ కాంతి) వర్ణపటం కోసం పొటాషియం బ్రోమైడ్ పెల్లెట్ (నమూనా కలిపి నొక్కిన పలుచని బిళ్ల) చేసేవాళ్లకు మొదటి చిక్కు గాలిలోని తేమే. పొడి పీల్చుకున్న నీరు 3400 దగ్గర వెడల్పాటి పీకు (కాంతిని పీల్చుకున్న గుర్తు), 1640 దగ్గర మరో పీకు ఇస్తుంది (అంకెలన్నీ తరంగ సంఖ్యలు, సెం.మీ.⁻¹లో). అమైడ్‌లో మనం వెతికే ఎన్‌-హెచ్ (నత్రజని-హైడ్రోజన్ బంధం), కార్బొనైల్ (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం) పీకులు ఉండేదీ ఆ చుట్టుపక్కలే. అమైడ్‌లోని క్లోరిన్ (ఒక హాలోజన్) వల్ల కార్బొనైల్ పీకు ఎంత జరిగిందో చెప్పాలంటే ముందు నీటి లెక్క తేలాలి.

పొటాషియం బ్రోమైడ్‌ను 110 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చండి. 200 మి.గ్రా.కు 1 నుంచి 2 మి.గ్రా. నమూనా చాలు. ముందు నమూనాను విడిగా అగేట్ కల్వంలో మెత్తగా నూరి, తర్వాత పొటాషియం బ్రోమైడ్ వేసి త్వరగా కలపండి. రెండూ కలిపి చాలాసేపు నూరితే ఆ పొడి గదిలోని తేమంతా లాగేస్తుంది. 13 మి.మీ. డైలో, వాక్యూమ్ పెట్టి, 8 నుంచి 10 టన్నుల ఒత్తిడిలో రెండు నిమిషాలు ఉంచండి. బేస్‌లైన్ ఏటవాలుగా వస్తే రేణువులు ముతకగా ఉన్నట్టు. కార్బొనైల్ పీకు అడుగు బల్లపరుపుగా వస్తే నమూనా ఎక్కువైనట్టు. ఆ పీకు స్థానాన్ని రిపోర్టులో రాయకండి. నీటి పీకులు పోల్చుకోవడానికి నమూనా లేని పెల్లెట్ వర్ణపటం ఒకటి అదే రోజు తీసి పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు అణువులోకి వెళదాం. ఉదాహరణకు క్లోరిన్ ఉన్న చిన్న అమైడ్ 2-క్లోరోఅసిటమైడ్‌లో 9 పరమాణువులు, కాబట్టి 21 (3×9 − 6) సహజ కంపనాలు. ఇలాంటి కంపనాలను సౌష్ఠవంతో వర్గీకరించే సమూహ సిద్ధాంతంపై పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం గారు విజయవాడ దగ్గరి ఆగిరిపల్లిలో పుట్టినవారే. ఆ సంగతి మన విద్యార్థులకు తెలియాలి.

క్లోరిన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాగుతుంది, కార్బొనైల్ బంధం బిగుస్తుంది, పీకు పైకి జరుగుతుంది. ఫ్లోరిన్లు మూడుంటే ఇంకా పైకి. కానీ ఘనస్థితిలో హైడ్రోజన్ బంధం అదే పీకును కిందికి లాగుతుంది. అందుకే ఒకదాన్ని ఘనస్థితిలో, మరోదాన్ని ద్రావణంలో తీసి పోల్చితే ఆ తేడాకు అర్థం లేదు. క్లోరిన్ ఆక్సిజన్ వైపు తిరిగిన రూపం, ఎన్‌-హెచ్ వైపు తిరిగిన రూపం వేర్వేరు కార్బొనైల్ పీకులు ఇవ్వవచ్చు. పలుచని ద్రావణంలో జంట పీకు కనిపిస్తే దాన్ని వెంటనే మలినమని కొట్టేయకండి.

ఎక్కువమంది తడబడేది 600 నుంచి 800 మధ్య. కార్బన్-క్లోరిన్ బంధం సాగే కంపనపు పీకు అక్కడే, ఎన్‌-హెచ్ తలం బయటికి ఊగే వెడల్పాటి పీకూ 700 చుట్టుపక్కలే. విడదీయాలంటే నమూనాను భారజలంలో (హైడ్రోజన్ స్థానంలో బరువైన డ్యుటీరియం ఉన్న నీటిలో) కరిగించి, వేడి చేయకుండా వాక్యూమ్‌లో ఆరబెట్టండి. వేడి చేస్తే అమైడ్ విరిగిపోవచ్చు. ఎన్‌-హెచ్‌లోని హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం చేరి, ఆ పీకులు సుమారు 1.37తో భాగించినంతకు దిగుతాయి: 3300 దగ్గరిది 2400 చుట్టుపక్కలకు వస్తుంది. కార్బన్-క్లోరిన్ పీకు దాదాపు కదలదు. 2349 దగ్గర గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అడ్డురాకుండా పరికరంలోని గాలిని పొడి నైట్రోజన్‌తో తరిమేయండి (పర్జ్). 600-800 ప్రాంతానికి కార్బన్ టెట్రాక్లోరైడ్ ద్రావణం పనికిరాదు, 785 దగ్గర అదే మింగేస్తుంది.

ఏటీఆర్‌లో (పెల్లెట్ లేకుండా నమూనాను స్ఫటికంపై పెట్టి తీసే పద్ధతిలో) తీస్తే తక్కువ తరంగ సంఖ్యల దగ్గర కాంతి లోతుగా వెళ్లి కార్బన్-క్లోరిన్ పీకు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. సవరణ చేయకుండా పెల్లెట్ వర్ణపటంతో పోల్చకండి.

మన డెల్టా వరిపొలాల్లో కలుపుకు వాడే బ్యూటాక్లోర్ కూడా క్లోరోఅసిటమైడే. నత్రజనిపై హైడ్రోజన్ లేదు. టెక్నికల్ గ్రేడ్ చుక్క ఏటీఆర్‌పై పెట్టినప్పుడు 3300 దగ్గర పీకు కనిపిస్తే అది నీరో మలినమో. 2-క్లోరోఅసిటమైడ్ చర్మానికి అలర్జీ తెస్తుంది. తూచేటప్పుడే కాదు, కల్వం కడిగేటప్పుడూ గ్లవ్స్ తీయకండి.