ఎనిమిదితో భాగించి చూడండి: డయలప్ నుంచి ఫైబర్ దాకా

హోస్ట్: అందరికీ నమస్కారం. చెన్నై పెరంబూరు నుంచి మాట్లాడుతున్నాం, ఆటో హారన్లు వినపడితే సర్దుకోండి. ఇవాళ మా బాబాయ్ వచ్చారు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసి రిటైరయ్యారు. బాబాయ్, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో గొడవ నువ్వే తీర్చాలి. పై అంతస్తు ఆయన 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నారు. డౌన్‌లోడ్ చేస్తుంటే సెకనుకి 11 ఎంబీ దాటట్లేదట. మోసమని ఫైబర్ కుర్రాడి మీద పడ్డారు.

బాబాయ్: పాపం వాడేం చేశాడు! 11 వస్తోందంటే బ్రహ్మాండంగా వస్తున్నట్టు. ప్లాన్‌లో చెప్పే స్పీడు బిట్లలో, ఎంబీపీఎస్ అంటే సెకనుకి మెగాబిట్లు. ఫైలు సైజు బైట్లలో, ఎంబీ అంటే మెగాబైట్లు. ఒక బైటుకి 8 బిట్లు. 100ని 8తో భాగించు.

హోస్ట్: పన్నెండున్నర.

బాబాయ్: అందులో ప్యాకెట్ల మీద, అంటే డేటా ముక్కల మీద వేసే అడ్రసులకీ వాటికీ కొంత పోతుంది. పైగా విండోస్ 1,000 బదులు 1,024 లెక్కన చూపిస్తుంది. మిగిలేది ఆ 11 చిల్లరే.

హోస్ట్: మరి పాత రోజుల్లో ఫోన్ లైన్ మీద నెట్ వచ్చే డయలప్‌కి?

బాబాయ్: అదే భాగహారం. 56 కేబీపీఎస్ మోడెమ్ అంటే సెకనుకి 56 కిలోబిట్లు, అంటే 7 కిలోబైట్లు. అదీ కాగితం మీదే, లైన్లో గరగర ఉంటే 5కి దిగేది. 5 ఎంబీ పాట దిగాలంటే మంచి లైన్లో కూడా దాదాపు 12 నిమిషాలు. ఈలోగా పక్క గదిలో ఎవరైనా రిసీవర్ ఎత్తారా, పాట గోవిందా!

హోస్ట్: మా ఇంట్లో అమ్మే ఎత్తేది. అసలు ఆ 56 ఎక్కడిది? 50 కాదు, 60 కాదు.

బాబాయ్: అది మా ఎక్స్ఛేంజీ లెక్కమ్మా. నువ్వు మాట్లాడే మాటని అక్కడ సెకనుకి 8,000 సార్లు కొలుస్తారు, ఒక్కో కొలతకి 8 బిట్లు. మొత్తం 64 వేలు. ఇంటికొచ్చే రాగి తీగ మీద ఎనిమిదో బిట్‌ని నమ్మలేం. ఏడే మిగిలాయి, 8,000 ఇంటూ 7.

హోస్ట్: 56 వేలు! అబ్బ, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.

బాబాయ్: 1998లో వచ్చిన వి.90 అనే మోడెమ్ ప్రమాణం అదే. అయినా అప్‌లోడ్ మాత్రం 33.6 దగ్గరే ఆగింది. ఇంటి నుంచి వెళ్లే సిగ్నల్‌ని ఎక్స్ఛేంజీ మళ్లీ అంకెల్లోకి మార్చాలి, ఆ మార్పిడిలో నాయిస్ చేరుతుంది. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మద్రాసులో ఇంటర్నెట్ ఇచ్చినప్పుడైతే డయలప్ 9.6 కేబీపీఎస్. భాగించు.

హోస్ట్: 1.2 కిలోబైట్లు. దేవుడా. సరే, 2 జీబీ సినిమా?

బాబాయ్: 56కే మోడెమ్‌తో ఆపకుండా 3 రోజుల 7 గంటలు. 100 ఎంబీపీఎస్‌లో 2 నిమిషాల 40 సెకన్లు. తేడా 1,785 రెట్లు.

హోస్ట్: గిగాబిట్, అంటే 1,000 ఎంబీపీఎస్ ప్లాన్ పెట్టించుకుంటే వీడియో కాల్ కూడా పది రెట్లు బాగుంటుందా?

బాబాయ్: అక్కడే జనం డబ్బులు తగలేస్తారు. స్పీడు వేరు, సిగ్నల్ చేరడానికి పట్టే ఆలస్యం వేరు. ఫైబర్ అంటే గాజు తీగే, ఆ గాజులో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రం అడుగున 2002లో వేసిన ఐ2ఐ కేబుల్ దాదాపు 3,200 కిలోమీటర్లు. వెళ్లడానికే 16 మిల్లీసెకన్లు. ఏ ప్లాన్ తీసుకున్నా అది తగ్గదు. డయలప్ మోడెమ్ మాత్రం పక్క వీధికైనా 100 మిల్లీసెకన్ల పైనే తినేది.

హోస్ట్: మేం 300కి మారదామనుకుంటున్నాం.

బాబాయ్: ముందు రౌటర్ తిరగేసి చూడు. వెనకున్న పోర్టులు ఫాస్ట్ ఈథర్నెట్ అయితే 300 కట్టినా 100 దగ్గరే ఆగుతుంది. గిగాబిట్ పోర్టు ఉండాలి. వైఫై అయితే ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకి మార్చి, రౌటర్ ఉన్న గదిలోనే స్పీడ్ టెస్ట్ పెట్టు. వంటింట్లో కూర్చుని కాదు.