ఇంటికి వెళ్లి అడిగి చెబుతాను

శ్రోతలకు నమస్కారం.

పన్నెండేళ్ల కిందట నేను మొదటిసారి మహిళా వ్యాపారుల క్లబ్బు సమావేశానికి బయలుదేరుతుంటే మా అత్తగారు వీధి గుమ్మం దాకా వచ్చి, "క్లబ్బుకా?" అన్నారు. ఆవిడ తరానికి కృష్ణా జిల్లాలో క్లబ్బంటే పేకాట. సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లిన మగవాడు అర్ధరాత్రి దాటాక చేతి గడియారం లేకుండా తిరిగొచ్చే చోటు. అలాంటి చోటికి కోడలు బయలుదేరింది, అదీ పట్టుచీర కట్టుకుని. "పేకాట కాదండీ, వ్యాపారం" అన్నాను. "రెండూ ఒకటేలే" అన్నారావిడ. ఆ మాట పూర్తిగా తప్పని నేను ఇప్పటికీ అనలేను.

అయితే ఆ రోజుకి నన్ను వ్యాపారి అనడం కూడా ఎక్కువే. విజయవాడ శివార్లలో మాకు అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. కాగితాల మీద యజమానిని నేనే. ఆడవాళ్ల పేరు మీద పెడితే రాయితీ ఎక్కువని మా వారి స్నేహితుడొకరు సలహా ఇచ్చారు. ఆయన చెప్పింది నిజమే. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో సాధారణ వర్గానికి చెందిన పురుషుడికి పట్టణంలో నూటికి 15, పల్లెలో 25 వంతులు రాయితీ వస్తే, మహిళకు 25, 35 వస్తాయి. అలా నేను యజమానినయ్యాను. చెక్కుల మీద సంతకం నాది, మిగతాదంతా మా వారిది. ఆహ్వానం నా పేరున వచ్చింది కాబట్టి, "నన్ను రానివ్వరు కదా, నువ్వే వెళ్లాలి" అని ఆయనే నన్ను పంపించారు.

అక్కడ ఒకావిడ పచ్చళ్ల వ్యాపారం చేస్తున్నారు. నేను అట్టపెట్టెలని చెప్పగానే కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "అమ్మా, గాజు సీసాలు పన్నెండేసి పెట్టి పార్సిల్ ఆఫీసులో వేస్తున్నాం. హైదరాబాద్ చేరేసరికి పెట్టె అడుగు ఊడిపోతోంది. మూడు పొరలది వాడుతున్నాం. ఐదు పొరలది వేయాలా, లేక ఇందులోనే మందం కాగితం వేస్తే సరిపోతుందా?" అని అడిగారు. అసలు యజమానికైతే అది కళ్లు మూసుకుని జవాబు చెప్పగల ప్రశ్న. నేను మాత్రం, "ఇంటికి వెళ్లి అడిగి చెబుతానండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని. "సరే, అడిగి చెప్పండి" అని తన నెంబరు రాసిచ్చారు. నేను మా కార్డు ఇచ్చాను. ఆ కార్డు మీద ఉన్నది మా వారి నెంబరు.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లి, మూడు పొరల అట్టలో పైన ఒకటి, కింద ఒకటి చదును కాగితాలుంటాయని, మధ్యలో అలలు అలలుగా ముడుచుకున్న కాగితం ఉంటుందని, ఆ అలలే బరువు మోస్తాయని, వానాకాలంలో చెమ్మ పట్టి మెత్తబడేది కూడా ఆ అలలేనని తెలుసుకున్నాను. నా సంతకంతో నడుస్తున్న ఫ్యాక్టరీ గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. దానికి కారణం బ్యాంకు కాదు, ప్రభుత్వం కాదు. నన్ను నిజంగానే యజమాని అనుకుని పని ప్రశ్న అడిగిన ఒక పచ్చళ్లావిడ. అందుకే పేరుకు మాత్రమే యజమానులైన ఆడవాళ్లను చేర్చుకోకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాళ్లనే ముందు చేర్చుకోవాలి. నలుగురిలో నాలుగు ప్రశ్నలు ఎదురైతే వాళ్లే నేర్చుకుంటారు.

క్లబ్బు వల్ల ఏమి ఒరుగుతుందని నన్ను చాలామంది అడుగుతారు. తిరుగు ప్రశ్న వేస్తాను: మగవాళ్లకు వ్యాపార సంగతులు ఎలా తెలుస్తాయి? ఆటోనగర్‌లో టీ బడ్డీ దగ్గర తెలుస్తాయి. హైదరాబాద్‌లో సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చే లారీ ఎప్పుడు దొరుకుతుందో, అందులో సగం కిరాయికి కాగితం రీళ్లు ఎలా తెప్పించుకోవాలో, ఎవరి చెక్కు తిరిగొచ్చిందో, కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు ఎలాంటివారో అన్నీ అక్కడే. ఎవరూ పిలిచి చెప్పరు. పక్కన నిలబడి టీ తాగుతుంటే చెవిన పడతాయి. మా ఊళ్లో ఆడది ఆ బడ్డీ దగ్గర అరగంట నిలబడగలదా? నిలబడవచ్చు, ఎవరూ కొట్టరు. కానీ ఆమె రాగానే మాటలు ఆగిపోతాయి. ఆ బడ్డీకి బదులుగా మేము చందా కట్టి కట్టుకున్న అరుగే ఈ క్లబ్బు.

2013లో జరిగిన ఆరో ఆర్థిక గణనలో దేశంలోని 5 కోట్ల 85 లక్షల సంస్థల్లో మహిళలవి సుమారు 80 లక్షలని, అంటే నూటికి దాదాపు 14 అని తేలింది. వాటి సంఖ్యలో తమిళనాడు, కేరళ తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. అయితే నన్ను ఆపేసిన అంకె వేరే ఉంది. ఆ సంస్థల్లో నూటికి 79 సొంత డబ్బుతోనే నడుస్తున్నాయి. అప్పు చేయకపోవడం మంచి గుణమేనని మా అత్తగారిలాంటి వాళ్లు అంటారు. కానీ గాజులు తాకట్టు పెట్టి మొదలుపెట్టిన ఆమెకు, రాయితీతో రుణం వచ్చే దారి వీధి చివరి బ్యాంకులోనే ఉందని తెలియకపోవడం గుణమెలా అవుతుంది? ఆమెకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు, అంతే.

ఇక్కడ మీకొక అనుమానం రావచ్చు. మన దగ్గర డ్వాక్రా సంఘాలు ఉన్నాయి కదా, మళ్లీ ఈ క్లబ్బులెందుకు అని. 1982లో మొదలైన ఆ పథకం తెలుగు నేల మీద పట్టుకున్నంత గట్టిగా చాలా చోట్ల పట్టుకోలేదు. పది పదిహేను మంది ఒక సంఘంగా చేరి, నెలనెలా పొదుపు చేసి, ఒకరికొకరు పూచీగా నిలబడటం మామూలు సంగతి కాదు. కాకపోతే ఆ పది మందిదీ ఒకే వీధి, ఒకే నీళ్ల కుళాయి. ఒకరికి తెలిసింది అందరికీ తెలుసు, ఒకరికి తెలియనిది ఎవరికీ తెలియదు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సమాజ శాస్త్రవేత్త, 1973లో అచ్చయిన తన పరిశోధన కోసం బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, తెలిసిన మనిషి ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, "ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారు?" అని అడిగారు. తరచుగా కలుస్తామన్నవాళ్లు నూటికి 17 మందే. మిగతావాళ్లకు అప్పుడప్పుడూ కలిసేవాళ్లు, ఎప్పుడో తప్ప కలవనివాళ్లు పనికొచ్చారు. దగ్గరివాళ్లు ప్రాణం పెడతారు, కానీ కొత్త కబురు మాత్రం దూరపు పరిచయమే తెస్తుంది. డ్వాక్రా మనకు నమ్మకం ఇచ్చింది. పచ్చళ్లావిడ పక్కన అట్టపెట్టెలామెను, ఆమె పక్కన ఆడిటర్‌ను కూర్చోబెట్టడం వేరే పని.

ఆ పని మగవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. 1905లో చికాగోలో రోటరీ క్లబ్బు మొదలైనప్పుడు ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకునేవారు. సమావేశం వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసుకు తిరిగేది కాబట్టే దానికి ఆ పేరు వచ్చింది. ఆ తిరుగుడులో ఆడవాళ్లకు మాత్రం 82 ఏళ్లు చోటు లేదు. కాలిఫోర్నియాలో డ్వార్టే అనే చిన్న ఊరి క్లబ్బు 1977లో మహిళలను చేర్చుకుంటే, పై సంస్థ ఆ క్లబ్బునే వెలివేసింది. 1987లో అమెరికా సుప్రీంకోర్టు ఆడవాళ్ల పక్షాన తీర్పు చెప్పాకగానీ తలుపు తెరుచుకోలేదు.

మన వైపు కథ ఇంకోలా నడిచింది. ఎవరి తలుపో తెరుచుకోవాలని చూడకుండా 1993లో కన్నెగంటి రమాదేవి, మరికొందరు మహిళలు కలిసి హైదరాబాద్‌లో మహిళా పారిశ్రామికవేత్తల సంఘం పెట్టారు. దాని పొట్టి పేరు అలీప్. ఆ పేరు చెబితే ఇప్పుడు చాలామందికి తెలుసు. హైదరాబాద్ గాజులరామారంలో మహిళల కోసమే ఒక పారిశ్రామికవాడ కట్టించారు. తర్వాత మా విజయవాడ దగ్గర సూరంపల్లిలో మరొకటి వచ్చింది. ఒక్క ఆడమనిషి షెడ్డు కోసం దరఖాస్తు పెట్టుకుంటే, "మీ వారిని తీసుకురండి" అంటారు. వందమంది కలిసి స్థలం అడిగితే ఆ మాట అనడానికి నోరు రాదు. తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చి 8న మహిళా వ్యాపారులకు అండగా ఉండేందుకు వీ హబ్ అనే సంస్థను ప్రారంభించింది. అదీ మంచి ప్రయత్నమే. ఇవన్నీ పెద్దవి. నేను చెబుతున్నది మాత్రం నలభై మంది ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చునే మా ఊరి క్లబ్బు సంగతి.

మొదట్లో అది ప్లాస్టిక్ కుర్చీలది కాదు. ఒక హోటల్లో, సాయంత్రం ఆరున్నరకు జరిగేది. పరిచయాలు ఇంగ్లీషులో. ఇడ్లీ పిండి రుబ్బి ఊరంతా సరఫరా చేసే ఒకావిడ చివరి వరుసలో కూర్చుని, తన వంతు రాకముందే లేచి వెళ్లిపోయేవారు. ఆవిడ ఇడ్లీ తినని ఇల్లు మా పేటలో లేదు, ఆవిడ పేరు మాత్రం మా సభ్యుల్లో సగం మందికి తెలియదు. పైగా ఆరున్నర అంటే పిల్లలు బడి నుంచి వచ్చి, పొయ్యి వెలిగించే వేళ. పెద్ద గొడవే జరిగింది. చివరకు రెండో శనివారం ఉదయం పదకొండింటికి, కల్యాణమండపం పక్క గదిలో, తెలుగులో అని తేలింది. హోటల్ మీద మోజున్న ముగ్గురు నలుగురు మానేశారు. పదిమంది దాటని హాజరు నలభైకి చేరింది. ఇడ్లీ పిండావిడే ఇప్పుడు మా కోశాధికారి.

ఏడాది చందా 3,000 రూపాయలు. కట్టాలా వద్దా అని ఆలోచించేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: కట్టేముందు రెండు సమావేశాలు ఊరికే వెళ్లి కూర్చోండి. శాలువాలు, ఫొటోలు, ముఖ్య అతిథి ప్రసంగం అయ్యాక మిగిలిన సమయం ఎంతో గడియారం చూసుకోండి. సభ్యులు ఒకరికొకరు ధరలు చెప్పుకుంటున్నారా? "ఫలానా చోట మోసపోయాను" అని ఎవరైనా నోరు తెరిచి అంటున్నారా? అందరి వ్యాపారమూ బ్రహ్మాండంగా ఉందని చెప్పుకునే చోట నేర్చుకునేదేమీ ఉండదు. చీరల అమ్మకం కోసమే వచ్చేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఇద్దరుంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, నేనూ రెండు చీరలు కొన్నాను.

నా సంగతికి వస్తాను. ఒక పెద్ద కొనుగోలుదారు ఏడు నెలలుగా నాకు డబ్బు ఇవ్వలేదు. అడిగితే, "సార్‌ను రమ్మనండి, మాట్లాడదాం" అనేవారు. సిగ్గుపడుతూనే సమావేశంలో చెప్పాను. చెప్పగానే లేబుళ్లు అచ్చువేసే ఆమె, సీసా మూతల ఆమె ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లకూ అదే చోటి నుంచి బాకీ. ముగ్గురమూ ఎవరికి వాళ్లం మన గ్రహచారం అనుకుంటూ కూర్చున్నాం! మాలో ఉన్న ఆడిటర్ అప్పుడు చట్టం విప్పారు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, సరుకు ముట్టాక రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. 2017లో సమాధాన్ అనే ప్రభుత్వ పోర్టల్ వచ్చాక ఆన్‌లైన్‌లో ఫిర్యాదు కూడా చేయవచ్చు. మా ముగ్గురికీ ఆ చట్టం కింద చిన్న సంస్థలుగా నమోదు ముందే ఉంది కాబట్టి సరిపోయింది. లేనివాళ్లు ఉద్యమ్ పోర్టల్‌లో చేసుకోండి, దానికి రుసుము లేదు, మధ్యవర్తికి ఇవ్వనక్కర్లేదు.

ముగ్గురం ఒకే రోజు మూడు ఉత్తరాలు పంపించాం. అసలు రెండు విడతల్లో వచ్చింది. వడ్డీ రాలేదు. ఆ చోటి నుంచి మళ్లీ ఆర్డరు కూడా రాలేదు. ఆ నష్టం పూడ్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మూతల ఆమె అయితే ఆ నెల ఇద్దరు పనివాళ్లను మాన్పించింది. క్లబ్బులో చేరితే అన్నీ చక్కబడతాయని చెప్పేవాళ్లుంటే నమ్మకండి.

మా క్లబ్బులో నాతో పాటు అట్టపెట్టెలు చేసే ఆమె ఇంకొకరున్నారు. ఒక వృత్తికి ఒక్కరే అన్న రోటరీ పాత నియమం పెట్టుకుందామని మొదట్లో నేనే పట్టుబట్టాను, ఆమెను దృష్టిలో పెట్టుకుని. నెగ్గలేదు. ఇప్పుడు కాగితం రీళ్లు ఇద్దరమూ కలిపి తెప్పించుకుంటాం. నిండు లారీకి వచ్చే ధర వేరు. ధర దగ్గర మాత్రం పోటీ పడుతూనే ఉంటాం. పోయిన సంక్రాంతికి అరిసెల పెట్టెల ఆర్డరు ఆమె పావలా తక్కువకు చెప్పి ఎగరేసుకుపోయారు. నాకింకా కడుపుమంట తగ్గలేదు.

మొన్నటి శనివారం ఒక కొత్త అమ్మాయి వచ్చింది. చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తుందట. పెట్టె ఎంత పొడుగు, ఎంత వెడల్పు ఉండాలని అడిగితే, "ఇంటికి వెళ్లి అడిగి చెబుతానండీ" అంది. నేను నవ్వలేదు. మర్నాడు ఆమె కార్డు మీదున్న నెంబరుకు ఫోను చేశాను. మగగొంతు పలికింది. "నేను చెబుతానండీ, ఆవిడ పొయ్యి దగ్గరుంది, ఏమిటి విషయం?" అన్నారాయన, మర్యాదగానే.

"ఆమెతోనే మాట్లాడాలండీ, పని అయ్యేదాకా లైనులోనే ఉంటాను" అన్నాను.

నమస్కారం.