తెల్ల రాయి కార్డులతో గెలవొచ్చా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(2024 మే నెల కార్యక్రమం. పాల్గొన్నవారు: హైదరాబాద్‌లో కుర్రాళ్లకు కార్డు గేములు నేర్పే కోచ్, బెంగళూరులో పనిచేస్తున్న రాజమండ్రి గేమ్ డిజైనర్, రూపాయి పెట్టకుండా ఆడే వరంగల్ ఇంజినీరింగ్ విద్యార్థి. ఎవరు ఎలా మాట్లాడారో అలాగే ఉంచాం.)

సంధానకర్త: నమస్కారం. ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఆడే కార్డు ఆట హార్త్‌స్టోన్ వచ్చి ఈ మార్చికి 10 ఏళ్లు నిండాయి. పండగ చేసుకోవాల్సిన టైంలో గొడవ మొదలైంది. వారానికి 5 ఆటలు గెలిస్తే పూర్తయ్యే క్వెస్టును, అంటే బహుమతి ఇచ్చే లక్ష్యాన్ని, ఏప్రిల్‌లో 15 చేశారు. ఎక్స్‌పీ, అంటే బహుమతులు తెచ్చే పాయింట్లు, పెంచింది మాత్రం 20 శాతం. ఆటగాళ్లు మండిపడ్డాక 10కి దించారు. డబ్బు పెట్టనివాళ్లకు ప్యాక్‌లు, అంటే ఏ కార్డులు వస్తాయో తెరిచేదాకా తెలియని పొట్లాలు, తగ్గితే ఇక కామన్ కార్డులే, అంటే తెల్ల రాయి గుర్తుతో సులువుగా దొరికేవే, దిక్కు. వాటిలో పనికొచ్చేవి ఏవి? అసలు ప్యాక్ అనేది జూదమా కాదా? అందరికీ సమానంగా సమయం ఇస్తాను. ముందు విద్యార్థి. చెప్పు బాబూ.

విద్యార్థి: నమస్తే సార్. నా ప్రశ్న చిన్నది. నా దగ్గర 80 డస్ట్ ఉంది, అంటే పాత కార్డులు విరగ్గొడితే వచ్చేది, కొత్తవి చేసుకోవడానికి ఖర్చు పెట్టేది. కామన్ కార్డు ఒకటి చేసుకోవడానికి 40, అంటే సరిగ్గా ఒక జత వస్తుంది. కాలేజీ, రికార్డు వర్క్ ఉంటాయి కాబట్టి వారంలో 15 గెలుపులు నా వల్ల కాదు. 10 కూడా కష్టమే. ఆ 80 దేని మీద పెట్టాలో తెలుసుకుందామని...

కోచ్: నేను చెప్తా. చాలా మంచి ప్రశ్న అడిగిండు తమ్ముడు. ముందు లెక్క అర్థం కావాలె. కామన్‌కు 40, రేర్‌కు 100, ఎపిక్‌కు 400, లెజెండరీకి 1600. ఒక్క లెజెండరీ ధరకు 40 కామన్లు వస్తాయి. డెక్కులో ఉండేదే 30 కార్డులు! పిల్లలేం చేస్తరు? యూట్యూబ్‌లో ఎవరో లెజెండరీతో గెలిచిండని, ఉన్న కార్డులన్నీ విరగ్గొట్టి అది చేసుకుంటరు. కామన్ విరగ్గొడితే వచ్చేది 5. లెజెండరీ ఒక్కదానికి 320 కామన్లు తగలబెట్టాలె. మిగిలేదేంది? పెద్ద కార్డు ఒకటి, చుట్టూ చెత్త.

డిజైనర్: ఆ లెక్క సరైనదే. కానీ దాన్నుంచి మీరు...

కోచ్: ఒక్క నిమిషం మేడం, పూర్తి చేయనివ్వండి. (ఫోన్ కెమెరాకు చూపిస్తూ) ఇదిగో, కార్డు నడుమ చిన్న రాయి కనిపిస్తోందా? తెల్లగా ఉంటే కామన్, నీలం రేర్, ఊదా ఎపిక్, నారింజ లెజెండరీ. ఈ రంగు చెప్పేది ఒక్కటే, ప్యాక్‌లో ఎంత తరచుగా వస్తుందో. బల్ల మీద ఏం చేస్తుందో చెప్పదు. ఇదిగో లూట్ హోర్డర్. 2 మనా, అంటే కార్డు వేయడానికి అయ్యే ఖర్చు. దాడి 2, ప్రాణం 1. చూస్తే ఏముంది, పీనుగు. కానీ చచ్చిపోతే నీ చేతికి ఇంకో కార్డు వస్తది. ఎదుటోడు దాన్ని చంపడానికి ఒక కార్డో, ఒక దాడో ఖర్చు పెట్టాలె. నీకు పోయిందేం లేదు. పిట్ట కొంచెం, కూత ఘనం!

సంధానకర్త: రాయి రంగు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. ప్యాక్‌లో 5 కార్డులు బోర్లా ఉంటాయి. వేలు పెట్టగానే రంగుల వెలుగు వస్తుంది. నారింజ వస్తే గొంతు పెట్టి "లెజెండరీ!" అని అరుస్తుంది. గుండె దడ. పేకాటలో చివరి ముక్క లాగడానికీ దీనికీ తేడా ఏముంది?

డిజైనర్: తేడా ఉందండీ. ఇందులో కార్డు అమ్ముకోలేరు, ఇంకొకరికి ఇచ్చుకోలేరు. ఆటలోంచి డబ్బు బయటికి రాదు. ప్యాక్ ఖాళీగానూ రాదు, కనీసం ఒక రేర్ ఉండి తీరుతుంది. లెజెండరీ సగటున 20 ప్యాక్‌లకు ఒకటి, 40 లోపు తప్పనిసరి. దడ ఉందన్నది నిజమే. ఆ వెలుగు, ఆ అరుపు ఊరికే పెట్టినవి కావు. తల్లిదండ్రులు భయపడటంలో తప్పు లేదు. కానీ ఇవాళ మనం...

సంధానకర్త: తెలంగాణ 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో. బెల్జియం 2018లో లూట్ బాక్సులు, అంటే డబ్బు పెట్టి కొనే ఇలాంటి మూసిన ప్యాక్‌లు, జూదమే అని తేల్చింది. మనం ఎందుకు...

కోచ్: సార్, రమ్మీ సంగతి వేరే. మా పిల్లలను రమ్మీ ఆడేటోళ్లతో కలపొద్దు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ఇదే హార్త్‌స్టోన్‌లో గుజరాత్ కుర్రాడు తీర్థ్ మెహతా కాంస్యం గెలిచిండు. ప్రదర్శన ఆటే కావచ్చు, పతకం పతకమే. తర్వాత హాంగ్‌ఝౌ క్రీడల్లో అసలు పతకాల జాబితాలో ఉండాల్సిన ఆట. 2023 జనవరిలో చైనాలో సర్వర్లు ఆగిపోయినయి, ఆట జాబితాలోంచి పోయింది. మన పిల్లల నోటికాడి ముద్ద పోయినట్టయింది. అది ఎవరన్నా మాట్లాడుతున్నరా?

సంధానకర్త: అది నిజంగా బాధాకరం. మా కార్యక్రమంలో దాని మీద ప్రత్యేకంగా...

విద్యార్థి: సార్, 80 డస్ట్...

డిజైనర్: నేను దానికే వస్తున్నాను. బాబూ, నీ 80 డస్ట్ కామన్ల మీద ఇప్పుడే పెట్టకు. కామన్లు ఎలాగూ వస్తాయి. మామూలు ప్యాక్‌లో 5 కార్డుల్లో 4 అవే. 2020 మార్చి నుంచి ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఒక సెట్‌లో, అంటే కలిపి విడుదల చేసిన కార్డుల గుంపులో, కామన్లన్నీ రెండేసి చేరేదాకా దేనికీ మూడో కాపీ రాదు. నువ్వు ఇవాళ 40 పెట్టి చేసుకున్న కార్డు వచ్చే వారం ప్యాక్‌లో ఊరికే రావచ్చు. డస్ట్ దాచుకుని, వాటంతట అవి రానివాటికి...

కోచ్: (అడ్డుకుంటూ) ఇక్కడే తప్పు! మేడం, ప్యాక్‌లు కొనేవాళ్ల లెక్క చెప్తున్నరు మీరు. ఈ తమ్ముడికి వారానికి ప్యాక్ ఎక్కడిది? ప్యాక్‌కు ఆటలో సంపాదించే గోల్డ్ 100 కావాలె, క్వెస్టు పూర్తి కాదు. అన్నిటికంటే పేలవమైన ప్యాక్‌లో 4 కామన్లు, 1 రేర్ వస్తయి. మొత్తం విరగ్గొడితే 20, 20 కలిపి 40. అంటే ఒక ప్యాక్ మొత్తం బూడిద చేస్తే ఒక్క కామన్! వచ్చేదాకా ఆగమంటే నెల రోజులు ఓడిపోతనే ఉంటడు. ఓడిపోతే క్వెస్టు కాదు, క్వెస్టు కాకపోతే ప్యాక్ రాదు. ఇవాళ గెలిపించే కార్డు ఇవాళే ఉండాలె.

సంధానకర్త: ఇది బలమైన పాయింట్.

డిజైనర్: ఒప్పుకుంటాను, తక్కువ ఆడేవాళ్లకు అది వర్తిస్తుంది. కానీ ఏ కామన్ అన్నది...

కోచ్: అది కూడా నేనే చెప్తా. మొదటిది, న్యూట్రల్ కార్డు చూడు. ఆటలో 11 క్లాసులు, అంటే ఎంచుకునే హీరో రకాలు, ఉన్నయి. క్లాసు కార్డు ఒక్కదాంట్లో పనికొస్తది, న్యూట్రల్ పదకొండిట్లో పనికొస్తది. రెండోది, చచ్చినాక ఏం మిగులుస్తది అని చూడు. హార్వెస్ట్ గోలెం 2/3, అంటే దాడి 2, ప్రాణం 3, చచ్చినాక ఇంకో 2/1 లేస్తది. ఆర్జెంట్ స్క్వైర్ 1/1 మాత్రమే, కానీ మొదటి దెబ్బ డాలు తింటది. వీటిని ఒక్క కార్డుతో శుభ్రంగా తీసేయడం కష్టం. ఎదుటోడికి విసుగు పుట్టాలె. అట్లాంటి కార్డు నీ కార్డు.

డిజైనర్: మీరు చెప్పినవన్నీ మొదటి రోజుల కార్డులు. వీటిలో కొన్ని కోర్ సెట్‌లో ఊరికే ఇచ్చిన ఏళ్లు కూడా ఉన్నాయి. 2021 నుంచి కోర్ సెట్ అందరికీ ఉచితం. 80 డస్ట్ ఉన్న కుర్రాడు ముందు చేయాల్సింది, ఆ పని చేసే కార్డు కోర్‌లో ఇప్పటికే ఉందేమో చూసుకోవడం.

కోచ్: నేను చెప్పింది సూత్రం మేడం, కార్డు పేరు కాదు.

డిజైనర్: సూత్రమే అయితే దాని రెండో వైపు కూడా చెప్పాలి. మాగ్మా రేజర్, 3 మనా, దాడి 5. చూడగానే నోరూరుతుంది. ప్రాణం 1. ఎవరు ముట్టుకున్నా చస్తుంది, చచ్చి ఏమీ మిగల్చదు. చిల్‌విండ్ యెటీ 4 మనా, 4/5. మాయలేం లేవు, కానీ బల్ల మీద నిలబడుతుంది. కొత్తవాళ్లు దాడి అంకె చూసి మోసపోతారు. నేను చూసేది ప్రాణం అంకె.

విద్యార్థి: నాకు అదే జరిగింది మేడం. మొదట్లో దాడి ఎక్కువున్నవన్నీ పెట్టుకున్నాను. ఒక్క గెలుపు లేదు. మా సీనియర్ అన్న ఒకాయన పాత కార్డులు కూడా చెల్లే వైల్డ్ పద్ధతిలో ఆడతాడు. ఒకసారి ఎదుటివాడు సిల్వానస్ వేశాడు. లెజెండరీ. అది చస్తే మన కార్డు ఒకటి లాక్కుపోతుంది. నాకైతే టెన్షన్. ఆ అన్న నింపాదిగా ఐరన్‌బీక్ ఔల్ వేశాడు, గుడ్లగూబ, కామన్. సిల్వానస్ మీద పెట్టాడు. అంతే, దాని శక్తి పోయి ఉత్త 5/5 అయింది. 1600 డస్ట్ కార్డుని 40 డస్ట్ గుడ్లగూబ నోరు మూయించింది. ఆ రోజు నుంచి నేను రాయి రంగు చూడటం మానేశాను.

కోచ్: (బల్ల చరుస్తూ) అద్గదీ! శభాష్! ఆ గుడ్లగూబ మొదట్లో 2 మనా. 2016 ఏప్రిల్‌లో 3 చేసిండ్రు. ఎందుకు చేసిండ్రు? తట్టుకోలేక! అండర్‌టేకర్ ఏంది? కామన్. 1 మనా. డెత్‌రాటిల్ కార్డు, అంటే చచ్చినాక పని చేసే కార్డు, వేసిన ప్రతిసారీ దాడీ, ప్రాణం రెండూ పెరిగేవి. 2014లో దాన్ని మొదటి టర్న్‌లో వేసినోడే రాజు. 2015 జనవరిలో ప్రాణం పెరగకుండా చేస్తే గానీ ఆగలే. బోన్‌మేర్ ఏంది? కామన్. 7 మనా ఉండేది, 2018 ఫిబ్రవరిలో 8 చేసిండ్రు. కంపెనీనే భయపడ్డ కార్డులకు మనం విలువ ఇయ్యమా?

డిజైనర్: అదే కంపెనీ 2016లో ప్యూరిఫై అనే కామన్ ఇచ్చింది. 2 మనా పెట్టి సొంత కార్డు శక్తినే తీసేసుకుని, ఒక కార్డు లాగడం. ఆటగాళ్లు ఎంత గోల చేశారంటే, అప్పటికప్పుడు కార్డులు ఎంచుకుని ఆడే అరీనా ఆటలో ఆ కార్డు ఎదురుపడకుండా తీసేశారు. కామన్లలో బోన్‌మేర్ ఉంది, ప్యూరిఫై ఉంది. ఎంచుకోవడం అంటే ఆ తేడా పట్టుకోవడం. మీరు గెలిచిన కామన్ల పేర్లే చెప్తున్నారు. ఇంకో మాట. గుడ్లగూబ గొప్పదే, కానీ ఎదుటివాళ్లు సిల్వానస్ లాంటివి వేస్తున్నప్పుడే. వాళ్లంతా చిన్న కార్డులతో దూసుకొస్తుంటే అది చేతిలో బరువు. నీ ర్యాంకులో ఎదురయ్యే 10 మంది ఏం ఆడుతున్నారో కాగితం మీద రాసుకో బాబూ, తర్వాత...

సంధానకర్త: మేడం, సమయం... ఒక్క మాట. చైనాలో 2017లో ప్యాక్‌లో ఏది ఎంత శాతం వస్తుందో చెప్పాలని నిబంధన పెట్టినప్పుడు, కంపెనీ డస్ట్ అమ్మి ప్యాక్‌లు బహుమతిగా ఇచ్చింది. జూదం కాకపోతే ఆ దొడ్డిదారి ఎందుకు?

డిజైనర్: అది సమర్థించదగ్గ పని కాదు, స్పష్టంగా చెప్తున్నాను. శాతాలు ముందే చెప్పాలి. అయితే మీరు అడిగేదానికీ, పనికొచ్చే కామన్ ఎలా గుర్తుపట్టాలన్నదానికీ...

కోచ్: సంబంధం ఉంది మేడం! కామన్లతో గెలవడం నేర్పితే పిల్లలు ప్యాక్‌లు కొనరు. జూదం భయమే ఉండదు. 2014లో జూలాక్ డెక్ గుర్తుందా? వార్‌లాక్ క్లాసుది. ఫ్లేమ్ ఇంప్, 1 మనాకే 3/2, కామన్. చిన్న చిన్న కార్డులు గుప్పించుడు, చెయ్యి ఖాళీ అయితే 2 మనా, 2 ప్రాణం ఇచ్చి కొత్త కార్డు లాగుడు. ఆ చవక డెక్కుతో అన్నిటికంటే పైనున్న లెజెండ్ ర్యాంకు దాకా పోయిన్రు. జేబులో పైస లేని పిల్లగాండ్లు! కొడుకు రూపాయి ఖర్చు పెట్టకుండా ఆడుతున్నడంటే తల్లిదండ్రులు నిమ్మళంగా ఉంటరు. నేను నేర్పేది అదే.

సంధానకర్త: ఇది ప్రతి తల్లీ తండ్రీ వినాల్సిన మాట. అంటే జూదానికి విరుగుడు కామన్ కార్డే అంటారు!

డిజైనర్: నేను అలా అనలేదు. జూలాక్ కూడా పూర్తిగా కామన్లతో కాలేదు, డిఫెండర్ ఆఫ్ ఆర్గస్, నైఫ్ జగ్లర్ లాంటి రేర్లు ఉండేవి. అవి లేకుండా...

కోచ్: రేర్ ఎంత? 100! లెజెండరీ కాదు కదా!

డిజైనర్: నాకు ఒక వాక్యం పూర్తి చేసే అవకాశం ఇవ్వండి. సెట్ ఏ ఏడాదిదో చూడాలి. ఏటా మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో పాత సెట్లు స్టాండర్డ్ నుంచి, అంటే కొత్త సెట్లే చెల్లే పద్ధతి నుంచి, వెళ్లిపోతాయి. ఈ మార్చిలో వచ్చిన విజ్‌బ్యాంగ్స్ వర్క్‌షాప్ సెట్ కార్డు 2026 దాకా ఉంటుంది. నిరుడు వచ్చింది వచ్చే వసంతానికే పోతుంది. అదే 40 డస్ట్, కానీ ఒకటి రెండేళ్లు, ఇంకొకటి ఏడాది. ఈ కుర్రాడికి ఇది చాలా ముఖ్యం.

కోచ్: కంపెనీ ఏదన్నా కార్డు బలం తగ్గిస్తే కొన్నాళ్ల పాటు మొత్తం డస్ట్ వాపసు ఇస్తరు. కాబట్టి బలమైన కామన్ చేసుకుంటే నష్టమే లేదు. 40 పెట్టు, వాడు, తగ్గిస్తే 40 తీసుకో!

డిజైనర్: తగ్గిస్తే ఇస్తారు. కాలం తీరిపోతే ఇవ్వరు. నేను చెప్తున్నది కాలం తీరడం గురించి.

కోచ్: వైల్డ్‌లో ఆడొచ్చు కదా!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడటంతో కొన్ని మాటలు వినపడలేదు.)

సంధానకర్త: దయచేసి... కోచ్ గారు... మేడం... కోచ్ గారి మాటల్లో ఒక స్పష్టత కనిపించింది. పనికొచ్చే కామన్ ఉంటే ప్యాక్ అక్కర్లేదు. ప్రేక్షకులు కూడా అదే అనుకుంటూ ఉంటారు. ప్యాక్‌ల మీద చట్టం రావాలా అన్నది వచ్చే వారం మాట్లాడదాం.

డిజైనర్: ప్యాక్ అక్కర్లేదని కోచ్ గారు కూడా అనలేదండీ.

కోచ్: అన్నాను. ఇప్పుడు అంటున్నా.

విద్యార్థి: సార్, ఒక్క నిమిషం. నా 80 డస్ట్‌తో న్యూట్రల్ జత చేసుకోనా, ప్యాక్ కోసం ఆగనా?

డిజైనర్: వారం ఆగు. ముందు ఆ 10 మంది డెక్కులు రాసుకో.

కోచ్: వారం ఎందుకు? 80 దాచుకుంటే పిల్లలు పెడుతదా? ఫోను ఇటియ్యి తమ్మీ, నీ కార్డులు చూసి ఇప్పుడే చెప్తా. కలెక్షన్ తెరువు. ఇదిగో, తెల్ల రాయివి పైకి తే...

సంధానకర్త: సమయం అయిపోయింది. నమస్కారం.