బాక్సర్ కుక్కను మూతిని బట్టి, నడవడిని బట్టి గుర్తుపట్టడం

దృశ్యం: అనంతపురంలో ఒక ఇంటి ముంగిలి. నీడలో, నాపబండల మీద నిలబడిన గోధుమరంగు ఆడ బాక్సర్. పక్క నుంచి పూర్తి రూపం.

వ్యాఖ్యానం: నమస్కారం. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో పొట్టి వెంట్రుకలు, నల్లటి మూతి ఉన్న కుక్క ఏది కనిపించినా బాక్సర్ అనేవారు చాలామంది ఉన్నారు. అసలైన బాక్సర్ ఎదురైనప్పుడు దాన్ని పిట్‌బుల్ అనుకుని, పిల్లలను చేయి పట్టుకుని పక్కకు లాగేవారూ ఉన్నారు. ఈ రెండు పొరపాట్లూ ఒకే అలవాటు నుంచి వస్తున్నాయి. మనం కుక్క జాతిని రంగును బట్టి, కత్తిరించిన తోకను బట్టి తేల్చేస్తున్నాం. బాక్సర్ విషయంలో ఆ రెండింటినీ నమ్మడానికి వీల్లేదు. తల కొలతలు, నిలబడే పద్ధతి, మనుషులతో మెలిగే తీరు చూస్తేనే అది బాక్సర్ అవునో కాదో తెలుస్తుంది.

దృశ్యం: తల దగ్గరగా. మొదట పక్క నుంచి, తర్వాత ఎదురుగా.

వ్యాఖ్యానం: ముందుగా మూతిని చూడండి. ముక్కు కొన నుంచి కళ్ల మధ్యనున్న పల్లం వరకు ఎంత పొడవు ఉంటుందో, ఆ పల్లం నుంచి తల వెనుక ఎముక వరకు దానికి రెట్టింపు ఉండాలి. మూతి పొట్టిదే అయినా పగ్ మూతిలా ముఖంలోకి అణిగిపోయి ఉండదు. వెడల్పుగా, లోతుగా, నిండుగా ఉంటుంది. కింది దవడ పై దవడకన్నా ముందుకు వచ్చి కొంచెం పైకి వంగుతుంది. ముక్కు కొన దాని మొదలుకన్నా కాస్త ఎత్తులో ఉంటుంది. పై పెదవి మందంగా రెండు వైపులా జారి కింది పెదవి మీద ఆనుతుంది. దవడ అంత ముందుకు వచ్చినా, నోరు మూసినప్పుడు పళ్లు గానీ నాలుక గానీ బయటికి కనిపించకూడదు. కనిపిస్తే ఆ జాతి ప్రమాణాల ప్రకారం అది లోపమే.

ఈ మూతి ఇలా ఉండటానికి కారణం వేట. జర్మన్ అడవుల్లో అడవిపందిని, దుప్పిని తరిమి చుట్టుముట్టే పని ఇతర కుక్కలది కాగా, దాన్ని పట్టుకుని వేటగాడు వచ్చేదాకా వదలకుండా నిలబెట్టే పని బుల్లెన్‌బైసర్ అనే కుక్కలది. అంత గట్టి పట్టుకు వెడల్పైన దవడ, ఎడంగా అమరిన పళ్లు కావాలి. ఆ కుక్కలను ఇంగ్లండ్ నుంచి వచ్చిన బుల్‌డాగ్‌లతో కలిపి 19వ శతాబ్దం చివర్లో జర్మన్లు తీర్చిదిద్దిన జాతే బాక్సర్. 1895లో మ్యూనిక్ నగరంలో జరిగిన ప్రదర్శనలో దాన్ని జనం ముందుకు తెచ్చారు.

దృశ్యం: వంటింటి వైపు నుంచి కుక్కర్ కూత వినిపిస్తుంది. కుక్క తల తిప్పి చూస్తుంది.

వ్యాఖ్యానం: ఇప్పుడు దాని నుదురు చూడండి. ఇంతసేపూ నున్నగా ఉన్న నుదుటి మీద కూత వినగానే ముడతలు పడ్డాయి, చెంపలకు ఆనుకుని వేలాడుతున్న చెవులు మడతపడి ముందుకు వచ్చాయి, తల ఒక పక్కకు ఒరిగింది. ముక్కు మొదలు నుంచి మూతికి రెండు పక్కలా దిగే మడతలు బాక్సర్‌కు ఎప్పుడూ ఉంటాయి. నుదుటి ముడతలు మాత్రం అది దేని మీదనైనా ధ్యాస పెట్టినప్పుడే వస్తాయి. కూత ఆగిపోయింది, నుదురు మళ్లీ నున్నగా మారింది. కళ్లు ముదురు గోధుమరంగులో, నల్లటి అంచులతో, మనిషి ముఖం వైపు నేరుగా చూస్తూ ఉంటాయి. కోపంగా ఉందని కొత్తవారు అనుకునేది చాలాసార్లు ఈ ధ్యాసనే.

దృశ్యం: టేపుతో మూపు వద్ద ఎత్తు కొలవడం, తర్వాత ఛాతీ నుంచి తుంటి వరకు పొడవు కొలవడం.

వ్యాఖ్యానం: శరీరం చతురస్రంగా ఉంటుంది, అంటే మూపు వద్ద ఎత్తు ఎంతో, ఛాతీ ముందు భాగం నుంచి తుంటి వరకు పొడవూ అంతే. ఛాతీ మోచేతుల దాకా దిగి, ఎత్తులో సగం లోతు ఉంటుంది. పొట్ట వెనక్కి పోయేకొద్దీ లోపలికి లాగినట్లుంటుంది. మగ బాక్సర్ 57 నుంచి 63 సెంటీమీటర్ల ఎత్తుతో 30 కిలోలు దాటి, ఆడ బాక్సర్ 53 నుంచి 59 సెంటీమీటర్ల ఎత్తుతో 25 కిలోలకు అటూఇటూగా తూగుతాయి. కండలు తేలి కనిపిస్తాయి గానీ నడకలో బరువు తెలియదు.

రంగు గురించి క్లుప్తంగా చెబుతాను. లేత గోధుమ నుంచి ముదురు ఎరుపు వరకు ఉండేది ఒక రకం, ఆ రంగు మీద నల్లటి పులిచారలున్నది రెండో రకం. ఛాతీ మీద, పాదాల మీద తెలుపు ఉండవచ్చు. చారలు దట్టమైతే కుక్క దూరానికి నల్లగా కనిపిస్తుంది. పూర్తి నల్ల బాక్సర్ అంటూ ఎక్కువ ధర చెప్పేవారు అమ్ముతున్నది అలాంటి చారల కుక్కనో, సంకరాన్నో అయి ఉంటుంది.

ఇక తోక, చెవులు. మొండి తోక, కోసి నిలబెట్టిన చెవులు బాక్సర్‌కు పుట్టుకతో వచ్చినవి కావు. ఈ కుక్క తోక చూడండి, పొడవుగా, నిండుగా ఉంది. పుట్టినప్పుడు దాదాపు ప్రతి బాక్సర్‌కూ ఇలాగే ఉంటుంది. జర్మనీలోనే చెవుల కోత, తోక కోత రెండింటినీ నిషేధించారు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం జంతువు అవయవాలను అకారణంగా ఛేదించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. అందం పేరుతో పసికుక్కకు ఆ నొప్పి కలిగించడాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను. తోక నిండుగా ఉందన్న కారణంతో అది బాక్సర్ కాదని ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి.

దృశ్యం: పక్కపక్కన చిత్రాలు. బాక్సర్, పిట్‌బుల్, బుల్‌మాస్టిఫ్.

వ్యాఖ్యానం: పిట్‌బుల్ మూతి ఇంతకన్నా పొడవుగా ఉంటుంది, పై పళ్లు కింది పళ్ల మీదికి సరిగ్గా వస్తాయి, పెదవులు వేలాడవు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 23 రకాల కుక్కల అమ్మకాన్ని, పెంపకాన్ని ఆపాలంటూ రాష్ట్రాలకు లేఖ రాసినప్పుడు ఆ జాబితాలో పిట్‌బుల్ ఉంది, బాక్సర్ లేదు. ఆ ఉత్తర్వును తర్వాత కర్ణాటక హైకోర్టు కొట్టివేసింది. బుల్‌మాస్టిఫ్‌కు రంగు, నల్ల మూతి బాక్సర్‌ను పోలి ఉన్నా, మగది 50 కిలోలు దాటుతుంది, అడుగు నిదానంగా పడుతుంది.

దృశ్యం: గేటు తెరుచుకుంటుంది. ఒక బంధువు లోపలికి రాబోయి ఆగుతాడు. కుక్క మొరగకుండా లేచి నిలబడుతుంది.

వ్యాఖ్యానం: రూపం సగం విషయమే చెబుతుంది. మిగతా సగం ఇక్కడ కనిపిస్తుంది. వచ్చిన మనిషి గేటు దగ్గరే నిలబడి, "ఏంక్కా, ఇది కరుస్తాదా?" అని అడిగారు. ఇంటావిడ, "ఏం చెయ్యదులేప్పా, రా" అన్నారు. ఈ మాటలు జరుగుతున్నంతసేపూ కుక్క కదలలేదు, మొరగలేదు; ఒకసారి వచ్చినాయన వైపు, ఒకసారి యజమానురాలి ముఖం వైపు చూసింది. ఆమె గొంతులో బెదురు లేదని గ్రహించాకే తోక ఆడించింది. కొత్తవారి పట్ల జాగ్రత్త, ఇంటివారి పట్ల అపారమైన నమ్మకం, ఊరకే మొరగకపోవడం ఈ జాతి స్వభావం. జర్మనీలో పోలీసు పనికి తొలినాళ్లలో ఎంపిక చేసిన జాతుల్లో బాక్సర్ ఒకటి కావడానికి ఈ నిగ్రహమే కారణమని నా అభిప్రాయం.

చనువు కలిగాక మరో రూపం బయటపడుతుంది. చూడండి, తోక ఒక్కటే ఊగడం లేదు, నడుము మొత్తం ఊగుతోంది. ముక్కు తోకను తాకేలా శరీరం అర్ధచంద్రంలా వంగుతోంది. ముందు కాళ్లు ఎత్తి ఆడటం, చేతిని కాలితో తట్టి పిలవడం దీనికి బాగా అలవాటు. మూడేళ్లు వచ్చేదాకా పసితనం పోదు. పిల్లలంటే ప్రాణం పెడుతుంది, అయినా మీదికి ఎగిరే అలవాటు వల్ల తప్పటడుగులు వేసే పసివాళ్లను పడేయగలదు కనుక పెద్దవారు దగ్గర ఉండాలి. గట్టిగా అరిచి నేర్పించాలని చూస్తే ముడుచుకుపోతుంది లేదా మొండికేస్తుంది. ఓపికగా, ఆటలో కలిపి నేర్పితే త్వరగా నేర్చుకుంటుంది.

బాక్సర్‌ను తెచ్చి చీనీ తోటలో కాపలాకు కట్టేయాలనుకునేవారికి నా మనవి ఒక్కటే, అలా చేయవద్దు. మనిషి తోడు లేకపోతే అది కుంగిపోతుంది, పైగా మన ఎండకు అక్కడ తట్టుకోలేదు. కుక్క తన వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. మూతి పొట్టిదైన కుక్కకు ఆ పని సరిగా జరగదు. 40 డిగ్రీలు దాటే వేసవిలో తెల్లవారకముందు, పొద్దుగూకాకే నడిపించండి, బయటి బండల మీద ముందు మీ చేయి ఆనించి చూడండి. నిద్రలో గురక పెట్టడం, నీళ్లు తాగాక పెదవుల నుంచి ధారగా కారడం బాక్సర్‌కు మామూలే. రొప్పుతున్న శబ్దం గరగరలాడినా, చిగుళ్లు ముదురు ఎరుపెక్కినా, చొంగ జిగటగా మారినా, అడుగు తడబడినా అది వడదెబ్బ. వెంటనే నీళ్లతో తడిపి, ఫ్యాను కింద ఉంచి, పశువైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి.

జాతిని సరిగ్గా గుర్తించడం ఎందుకు ముఖ్యమో అక్కడే తెలుస్తుంది. ఎసిప్రోమజిన్ అనే మత్తుమందు ఇస్తే కొన్ని బాక్సర్లలో గుండె వేగం, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. లయ తప్పించే గుండె కండరాల జబ్బు, చర్మం మీద వచ్చే కొన్ని రకాల కణుతులు ఈ జాతిలో ఎక్కువగా కనిపిస్తాయి. ఆటలో ఉన్న బాక్సర్ ఉన్నట్టుండి సొమ్మసిల్లితే ఎండదెబ్బ అని సరిపెట్టుకోకుండా గుండె పరీక్ష చేయించండి, ఇది బాక్సర్ అని వైద్యులకు ముందే చెప్పండి.

దృశ్యం: తల్లి పక్కన ఆడుతున్న కుక్కపిల్లలు. వాటిలో ఒకటి తెల్లది.

వ్యాఖ్యానం: చివరగా, పిల్లను కొనేవారి కోసం. రెండు నెలల వయసులో మూతి, దవడ పూర్తిగా తేరవు కనుక పిల్లను ఒక్కదాన్నే చూసి నిర్ణయానికి రావద్దు. తల్లిని చూపించమని అడగండి, తల్లి మూతిని, మనుషుల మధ్య దాని ప్రవర్తనను గమనించండి. తల్లిని చూపించడానికి ఒప్పుకోని చోట కొనకండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నమోదు పత్రం ఇస్తామంటే, అందులోని మైక్రోచిప్ సంఖ్య పిల్లలో ఉన్న చిప్‌తో సరిపోతోందో లేదో చూడాలి. బాక్సర్ ఈతల్లో తెల్ల పిల్లలు పుట్టడం అరుదేమీ కాదు, అవి సంకరం కావు. వాటిలో కొన్నింటికి పుట్టు చెవుడు ఉంటుంది, ఎండకు చర్మం త్వరగా కాలుతుంది. తెల్ల పిల్ల అటు తిరిగి ఉన్నప్పుడు, గాలి దానికి తగలనంత దూరం నుంచి చప్పట్లు కొట్టండి. మిగతావి తిరిగి చూసి అది చూడకపోతే, ఇంటికి తెచ్చుకునే ముందే పశువైద్యులతో వినికిడి పరీక్ష చేయించి, చేతి సైగలతో నేర్పగల ఓపిక ఉంటేనే తెచ్చుకోండి.