రెప్ప వాలిందా, కనుబొమ జారిందా? ఆపరేషన్‌కు ముందు అద్దంలో చూసుకోవాల్సింది

(దృశ్యం: విశాఖపట్నం, మద్దిలపాలెం బస్‌స్టాప్, సాయంత్రం)

అందరికీ నమస్కారం. మా పిన్ని ఇక్కడ నిలబడి బస్సు బోర్డు చదవాలంటే గడ్డం పైకెత్తి, నుదురంతా ముడతలు పడేలా కనుబొమలు లేపేది. "వయసైపోయింది కదే, రెప్పలు బరువెక్కాయి" అనేది. ఊళ్లోనే ఒక బ్యూటీ క్లినిక్‌కి వెళ్తే, ఐదు నిమిషాల్లో "పైచర్మం తీసేస్తే సరిపోతుంది" అని తేల్చేసి ఖర్చు చెప్పారు. కనీసం వేలు పెట్టి చూడలేదు. నాకు చాలా బాధేసింది. ఏది జారిందో తెలియకుండా ఏది కోయాలో ఎలా తెలుస్తుంది?

(దృశ్యం: అద్దం ముందు, కళ్లకు బాగా దగ్గరగా)

మీరూ అద్దం ముందుకు రండి. కళ్లు మూసుకుని నుదురు వదులు చేయండి. వేళ్లు కనుబొమల మీద ఆనించి, అవి కదలకుండా పట్టుకోండి. ఇప్పుడు కళ్లు తెరవండి. నుదురు సాయం లేకుండా రెప్ప ఎంత లేచిందో చూడండి, దాని అసలు బలం అంతే. కంటిపాప మధ్య నుంచి పైరెప్ప అంచుకు మామూలుగా 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అంచు కంటిపాప మీదికి దిగిందంటే తేడా చర్మంలో కాదు, రెప్పను లేపే కండరంలో. దీన్ని టోసిస్ అంటారు.

పిన్నికి ఉన్నది అదే. కంటి ప్లాస్టిక్ సర్జన్ చూసి, వయసుతో ఆ కండరం పట్టు సడలిందన్నారు. రెప్పకు మాత్రమే మత్తిచ్చి, ఆ కండరాన్ని బిగించి కుట్టారు. మధ్యలో లేపి కూర్చోబెట్టి, "ఎదురుగా చూడండమ్మా" అని రెండు రెప్పల ఎత్తూ సరిచూశారట.

రెప్ప అంచు బాగానే ఉండి, చర్మం రెప్ప వెంట్రుకల మీదికి తెరలా వేలాడితే, ఆ అదనపు చర్మాన్ని తీసేసే బ్లెఫరోప్లాస్టీ చేస్తారు. రెప్ప మడతలోనే కోత పెడతారు కాబట్టి గీత అందులో కలిసిపోతుంది. ఎక్కువ తీస్తేనే ప్రమాదం. కన్ను పూర్తిగా మూతపడక రాత్రంతా ఎండిపోతుంది. అందుకే వెంట్రుకలకూ కనుబొమకూ మధ్య సుమారు 20 మిల్లీమీటర్ల చర్మం ఉంచుతారు.

ఇంకొకటి చేసి చూడండి. వేలితో కనుబొమను పైకి లేపగానే రెప్ప మీద బరువు పోయిందా? అయితే జారింది కనుబొమ. అప్పుడు రెప్ప చర్మం మాత్రమే కోస్తే కనుబొమ ఇంకా కిందికి దిగి, మొహం ఎప్పుడూ కోపంగా ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికి బ్రో లిఫ్ట్, అంటే కనుబొమను లేపే ఆపరేషన్ కావాలి. కనుబొమ పై అంచునే కోసి లేపడం ఒక పద్ధతి, గీత కొంత కనిపించవచ్చు. జుట్టులో చిన్న కోతలు పెట్టి ఎండోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టం సాయంతో లేపడం మరో పద్ధతి. బొటాక్స్ సూది కొద్దిగా లేపుతుంది, మూడు నాలుగు నెలలే.

కళ్ల కింద సంచులు ముందుకు తోసుకొచ్చిన కొవ్వు. దాన్ని రెప్ప లోపలి వైపు నుంచి తీయవచ్చు, బయట మచ్చ ఉండదు. నల్లటి వలయాలు మాత్రం దీంతో పోవు.

(దృశ్యం: హనుమంతవాక జంక్షన్)

ఇక్కడి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలాంటి చోట ఆక్యులోప్లాస్టీ డాక్టర్‌ని, అంటే కంటి ప్లాస్టిక్ సర్జన్‌ని అడగండి. థైరాయిడ్, బీపీ, రక్తం పలచబరిచే మాత్రలు, ముందు చేయించుకున్న లేసిక్ (చూపు సరిచేసే లేజర్ ఆపరేషన్), అన్నీ చెప్పండి. ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. సాయంత్రానికి రెప్ప మరీ వాలుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా ముందు నరాల, కండరాల జబ్బు లేదని తేల్చుకోవాలి. తలనొప్పితో హఠాత్తుగా వాలితే అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తండి. అందం కోసమైతే బీమా రాదు. చూపుకు అడ్డమని పరీక్షలో తేలితే బీమా కంపెనీని అడగవచ్చు.

ఆపరేషన్ తర్వాత వారంలో కుట్లు తీస్తారు, కమిలిన రంగు పోవడానికి రెండు వారాలు. అన్నాళ్లూ కాటుక వద్దు, సముద్ర స్నానం వద్దు. ఆర్కే బీచ్‌లో ఇసుక గాలి మన కళ్లకు తెలిసిందే, అటువైపు నడకా వద్దు.

కన్ను ముందుకు తోసుకొచ్చినట్టుగా తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం అరుదు. కానీ వస్తే లోపల రక్తస్రావం కావచ్చు, గంటలు కూడా ఆగకూడదు. డిశ్చార్జ్ అయ్యేటప్పుడే రాత్రి ఫోన్ చేయాల్సిన నంబరు అడిగి, అక్కడే ఒకసారి డయల్ చేసి, ఎవరు ఎత్తుతారో చూసుకుని ఇంటికి బయల్దేరండి.