రెండో భాగం మీదే నా గొడవ

(నల్లగొండలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న అమ్మలకు, అయ్యలకు, రీడింగ్ హాల్లో గ్రూప్స్ పుస్తకాల్లోంచి తల ఎత్తని పిల్లలకు కూడా నమస్కారం. 1918లోనే ఈ ఊళ్లో గ్రంథాలయం పెట్టిన షబ్నవీసు వెంకటరామనరసింహారావు గారిని తలుచుకోకుండా ఇక్కడ మైకు పట్టుకోకూడదు. మిగతా పేర్లు వదిలేస్తున్నా. పది నిమిషాలే అన్నారు, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

నాకిచ్చిన అంశం 'యువత - నవల'. నేను ఒక్క నవల గురించే చెప్తాను. అందులోనూ ఒక్క పేజీ గురించి.

విభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల 'పథేర్ పాంచాలి'ని మద్దిపట్ల సూరి గారి తెలుగులో చదివి, దుర్గ చచ్చిపోయిన దగ్గర ఏడ్చినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. దాని రెండో భాగం 'అపరాజితో' 1932లో పుస్తకంగా వచ్చింది. ఇది ఎవరు చదివారు? చూశారా, ఒక్క చెయ్యి లేవలేదు.

మొదటి భాగంలో దుర్గ తమ్ముడు అపు పసివాడు. పసివాణ్ని ఎవరైనా ముద్దు చేస్తారు. రెండో భాగంలో వాడు కలకత్తా పోయి కాలేజీలో చేరతాడు. తిండికి తిప్పలే, అయినా పుస్తకాల పిచ్చి వదలదు. ఊళ్లో తల్లి సర్వజయ ఒక్కతే, ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తుంటుంది. ఆమె పోయిందని తెలిసినప్పుడు వాడికి ముందు ఏడుపు రాదు. కట్టు తెంపుకొని బయటపడ్డట్టు సంతోషం కలుగుతుంది. అది ఒక్క క్షణమే. కానీ కలిగింది.

ఆ ఒక్క ముక్కే తనను పట్టేసిందని, 'అపరాజితో'ను సినిమాగా తీసిన సత్యజిత్ రాయ్ చెప్పుకున్నారు. ఆ సినిమాకు 1957లో వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. సినిమా సంగతి అటుంచండి, అది మీకు ఫోన్లో దొరుకుతుంది.

నా గొడవ వేరే. ఒక సభలో ఈ మాటే చెప్తే ఓ పెద్దమనిషి లేచి, "తల్లి పోతే సంతోషపడేవాడు హీరో ఏంది సార్? ఇసుంటివి పిల్లలకు చెప్పొద్దు" అన్నాడు. చప్పట్లు పడ్డాయి! ఆ చప్పట్లంటే నాకిప్పటికీ మంటే.

నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడు ఉండేవాడు, దేవరకొండ అవతల తండా వాడు. పీజీకి హైదరాబాద్ పోయాడు. సెలవులకు వచ్చి తిరిగి పోయేటప్పుడల్లా వాళ్లమ్మ బస్టాండు దాకా వచ్చేది. జొన్నరొట్టెలు పాత తువ్వాలలో చుట్టి, పల్లికారం పొట్లం దాని మధ్యలో పెట్టి ఇచ్చేది. బస్సు కదిలేదాకా కిటికీ ఊచ వదిలేది కాదు. వాడు 'అపరాజితో' నా కాపీ తీసుకుపోయి చదివి వచ్చి, "మల్లేపల్లి దాటేదాకా ఏడుపు గొంతులోనే ఉండేది సార్. దాటంగనే పానం హాయిగుండేది. గిదేం పాపమో అని ఎవ్వరికీ చెప్పలే" అన్నాడు. వాడేమన్నా చెడ్డ కొడుకా? మీరే చెప్పండి. ముందు వరుసలో అమ్మలున్నారు, మీరు చెప్పండమ్మా! నెల నెలా ఆమెకు పైసలు పంపేది వాడే.

రెండో భాగం రాయడమూ కష్టమే. మన నకిరేకల్ దిక్కు వట్టికోట ఆళ్వారుస్వామి గారు తన నవల 'ప్రజల మనిషి'కి కొనసాగింపుగా 'గంగు' మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే 1961లో పోయారు. ఆయన గురించి మాట్లాడితే ఇవ్వాళ తెమలదు. అధ్యక్షులవారు ఇప్పటికే గడియారం చూస్తున్నారు.

కార్యదర్శి గారూ, ఈసారి కొన్నప్పుడు రెండు భాగాలూ కొనండి. అప్పటిదాకా నా ఇంగ్లిష్ కాపీ కౌంటర్ దగ్గర పెట్టిపోతున్నా. రిజిస్టర్లో పేరు రాసి తీసుకుపోండి. తిరిగి మాత్రం ఇయ్యాలె, అది బజార్లో అంత సులువుగా దొరకదు.